నోట్లో బాక్టీరియా, ఒంట్లో కరోనా: ఏది కారణం, ఏది ఫలితం?

2021 ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ల్యాబుల ముందు వరసలో నిలబడ్డవాళ్ళకి సీఆర్పీ, డీ-డైమర్ అనే మాటలు కంఠతా వచ్చేశాయి. ఒంట్లో వాపు ఏ మాత్రం ఉందో సీఆర్పీ చెబుతుంది. రక్తంలో గడ్డలు కట్టి కరుగుతున్నాయేమో డీ-డైమర్ చెబుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళ రక్తంలో సీఆర్పీ మామూలు కంటే కాస్త ఎక్కువే ఉంటుందని దంతవైద్యులు కరోనాకి చాలా ఏళ్ళ ముందే గమనించారు. రెండు జబ్బులకీ రక్తంలో ఒకే జాడ కనబడేసరికి, వాటి మధ్య సంబంధం ఏమిటని పరిశోధకులు వెతకడం మొదలుపెట్టారు.

ఆ పరిశోధనల ఫలితాలు జనం నోళ్ళలో పడేసరికి కలగాపులగం అయిపోయాయి. చిగుళ్ళు చెడితే కరోనా ముదురుతుందని ఒక మాట. కరోనా వస్తే నోరు చెడుతుందని ఇంకో మాట. నోట్లో మంచి బాక్టీరియా ఉంటే యాంటీబాడీలు బాగా పుడతాయని మరో మాట. ఇవి మూడు వేరే వేరే ప్రశ్నలు, వాటి వెనకున్న రుజువుల బలమూ వేరే వేరే. ఒకదానికి దొరికిన రుజువును తీసుకెళ్ళి ఇంకోదానికి అతికించడం వల్లే ఇంత గందరగోళం.

పాచి ఎప్పుడు జబ్బవుతుంది

మనుషుల నోళ్ళలో ఇప్పటిదాకా 700కు పైగా బాక్టీరియా జాతులు బయటపడ్డాయి. ఒక్క మిల్లీలీటరు ఉమ్మిలో సుమారు 10 కోట్ల బాక్టీరియా ఉంటాయి. రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది, దాదాపు అంతా మింగేస్తాం. కడుపులోని ఆమ్లం వాటిలో చాలావాటిని చంపేస్తుంది. స్ట్రెప్టోకాకస్, వైలొనెల్లా, నైసీరియా, రోథియా లాంటి జాతులు ఆరోగ్యంగా ఉన్న నోట్లో ఎప్పుడూ ఉండేవే. కాబట్టి బాక్టీరియా ఉండటం జబ్బు కాదు.

పొద్దున లేవగానే నాలుకకి జిగటగా తగిలే పాచి ఆ బాక్టీరియా కట్టుకున్న పొర. తోమితే పోతుంది. తోమకుండా వదిలేసిన చోట లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు దాంట్లోకి ఇంకి గట్టిపడి గార అవుతుంది. దిగువ ముందు పళ్ళ లోపలివైపు, నాలుక కింద, లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకుంటాయి. అందుకే గార ముందుగా పేరుకునేది అక్కడ. చిత్తూరు పల్లెల్లో వేపపుల్ల, కానుగపుల్ల నమిలి కుచ్చు చేసి తోముకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పుల్ల బయటివైపు పాచిని బాగానే తీస్తుంది, ఆ లోపలివైపుకి మాత్రం సరిగా చేరదు. బొగ్గుపొడి, ఇటుకపొడి వేసి గట్టిగా రుద్దినా గార రాదు. చిగురు దగ్గర పన్ను అరిగిపోయి జివ్వుమనడం మొదలవుతుంది. గట్టిపడిన గార క్లినిక్‌లో పనిముట్లతో తీయించుకోవాల్సిందే.

ఆరోగ్యంగా ఉన్న పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరం పెట్టి దంతవైద్యులు దాన్ని కొలుస్తారు. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే దాన్ని సంచి అంటారు. సంచి అడుగున గాలి ఆడదు. ప్రాణవాయువు గిట్టని పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి జాతులు అక్కడ బలుస్తాయి. పంటిని పట్టి ఉంచే ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. దీన్నే పెరియోడాంటైటిస్ అంటారు. ఈ వ్యాసంలో చిగుళ్ళ జబ్బు అన్నప్పుడల్లా ఎముక కరిగే ఈ దశ గురించే, తోముకునేటప్పుడు రక్తం కనబడే తొలిదశ గురించి కాదు. ఇంకొక సంగతి, బీడీ, సిగరెట్టు తాగేవాళ్ళకి చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది. రక్తం రావట్లేదు కదా అని వాళ్ళు ధీమాగా ఉంటారు, లోపల ఎముక పోతూనే ఉంటుంది.

నోటికున్న కాపలా

చిగురు సందులోకి రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రోజంతా వచ్చి చేరుతూనే ఉంటాయి. బాక్టీరియాను మింగేస్తాయి, రసాయనాలు వదులుతాయి. పాచి తగ్గకపోతే ఈ పోరు ఏళ్ళ తరబడి నడుస్తుంది. అప్పుడు ఐఎల్-6 లాంటి సంకేత రసాయనాలు రక్తంలోకి జారతాయి, వాటిని చూసి కాలేయం సీఆర్పీ తయారు చేస్తుంది. మొదట్లో చెప్పిన జాడ వచ్చేది ఈ దారిలోనే.

రెండో కాపలా లాలాజలంలో ఉండే ఐజీఏ అనే యాంటీబాడీ. రక్తంలో ఐజీఏ ఎక్కువగా ఒంటరి అణువుగా తిరుగుతుంది, లాలాజలంలో రెండేసి జతకట్టి ఉంటుంది. జతకట్టిన ఐజీఏ కరోనా వైరస్‌ను అడ్డుకోవడంలో ఒంటరి రూపం కంటే సుమారు 15 రెట్లు బలమైందని 2021లో ప్రచురించిన ప్రయోగశాల ఫలితాల్లో తేలింది. లక్షణాలు మొదలైన తొలివారాల్లో వైరస్‌ను అడ్డగించే పనిలో ఐజీఏదే పైచేయి. రక్తంలో అది నెల తిరిగేసరికి పడిపోయినా, లాలాజలంలో 49 నుంచి 73 రోజుల మధ్య కూడా పనిచేస్తూ కనిపించింది. చేతికి వేసిన టీకాతో రక్తంలో ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ బాగా పెరుగుతుంది, నోరు, ముక్కు పొరల మీద ఐజీఏ మాత్రం అంతగా రాదు. 2023 జనవరి 26న మన దేశంలో విడుదలైన ముక్కు టీకా ఇన్కోవాక్ వెనక ఉన్న ఆలోచన ఈ లోటు తీర్చాలన్నదే.

బాక్టీరియాకీ ఐజీఏకీ నేరుగా పోరు ఉంది. ఐజీఏలో రెండు రకాలున్నాయి. స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా లాంటివి ఐజీఏ-1 అణువును నడిమధ్య కోసేసే ఎంజైమును తయారు చేసుకుంటాయి. ఐజీఏ-2 నిర్మాణం వేరు కాబట్టి ఆ కోతకి లొంగదు. ఇదంతా కరోనాకి ముందునుంచీ తెలిసిన జీవశాస్త్రం. "నోటి బాక్టీరియా యాంటీబాడీలను దెబ్బతీస్తుంది" అనే మాటకి మూలం ఇక్కడుంది. ఒక ఎంజైము ఉందన్నంత మాత్రాన కరోనా రోగుల్లో రక్షణ తగ్గిపోయిందని చెప్పలేం. ఆ మధ్యలో చాలా మెట్లున్నాయి.

కరోనా నోటిని ఎలా మారుస్తుంది

రెండో ప్రశ్న ముందు తీసుకుందాం, ఎందుకంటే మొదటి ప్రశ్నను తికమక పెట్టేది ఇదే. వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే ఏస్-2 గ్రాహకం లాలాజల గ్రంథుల కణాల మీద, నోటిపొర కణాల మీద కూడా ఉంది. వైరస్ అక్కడ నిజంగానే పెరుగుతుందని 2021లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. ఇక రోగి పరిస్థితి చూడండి. జ్వరం, తిండి సయించదు, నీళ్ళు తక్కువ తాగుతాడు. ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని నోటితో ఊపిరి పీలుస్తాడు, నోరు ఎండిపోతుంది. లాలాజలం తగ్గితే నోటికి దాని కాపలా కూడా తగ్గినట్టే. ఐసొలేషన్‌లో నాలుగైదు రోజులు బ్రష్ ముట్టని వాళ్ళున్నారు. పైగా యాంటీబయాటిక్స్ కొన్ని జాతుల్ని తుడిచిపెడతాయి, స్టెరాయిడ్లు చక్కెర పెంచుతాయి, తెల్లపూతకి కారణమైన కాండిడా బూజుకి దారిస్తాయి.

ఇన్ని మార్పుల తర్వాత ఆసుపత్రిలో ఉన్న రోగి నోట్లోంచి నమూనా తీసి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నమూనాతో పోలిస్తే తేడా లేకుండా ఎలా ఉంటుంది? కరోనా రోగుల నోట్లో బాక్టీరియా వైవిధ్యం తగ్గిందని చాలా పరిశోధనలు రాశాయి. అవి ఎక్కువగా చిన్నవి, జబ్బు వచ్చాక ఒక్కసారే నమూనా తీసినవి. ఆ తేడా జబ్బుకి ముందే ఉందో, తర్వాత వచ్చిందో వాటి నుంచి తేలదు.

ఈ వరసలో మన ప్రాంతం చూసిన ఘోరం బ్లాక్ ఫంగస్. అది బాక్టీరియా కాదు, బూజు. కాని దారి అదే: అదుపు తప్పిన చక్కెర, స్టెరాయిడ్లు, అణిగిపోయిన న్యూట్రోఫిల్స్. 2021 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. పైపళ్ళు ఉన్నట్టుండి కదలడం, అంగిట్లో నల్లటి మచ్చ, ఒకవైపు చెంప మొద్దుబారడం దాని గుర్తులు. పన్ను కదులుతోందని ముందు దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళి, అక్కడ బయటపడ్డ కేసులున్నాయి. చిగుళ్ళ జబ్బులో పన్ను వదులవడానికి ఏళ్ళు పడుతుంది. ఇందులో రోజుల్లోనే వదులవుతుంది.

ఖతార్ లెక్కను విప్పి చూస్తే

చిగుళ్ళు చెడితే కరోనా ముదురుతుందనే వాదనకి అందరూ చూపించేది ఖతార్‌లో 2020 నాటి రోగుల మీద చేసి, 2021లో ప్రచురించిన పరిశోధన. మొత్తం 568 మంది. ఆసుపత్రి దంత రికార్డుల్లోని ఎక్స్‌రేల్లో ఎముక కరిగిందా లేదా అని చూసి రెండు గుంపులుగా విడదీశారు. చిగుళ్ళ జబ్బు ఉన్న 258 మందిలో 33 మందికి కరోనా విషమించింది, అంటే ఐసీయూ, వెంటిలేటర్ లేదా మరణం. జబ్బు లేని 310 మందిలో విషమించింది 7 గురికి. నూటికి 13, నూటికి 2 అన్నమాట.

వార్తల్లో వచ్చింది ఈ తేడా. పరిశోధకులు అక్కడితో ఆగలేదు. వయసు, పొగతాగడం, బరువు, చక్కెర లాంటి ఇతర జబ్బులను లెక్కలోకి తీసుకుని మళ్ళీ కట్టారు. విషమించిన వాళ్ళకీ విషమించని వాళ్ళకీ ఉన్న నిష్పత్తిని రెండు గుంపుల్లో పోలిస్తే, సర్దుబాటుకి ముందు 6 రెట్లు దాటిన తేడా (33×303ను 7×225తో భాగిస్తే వచ్చేది) సర్దుబాటు తర్వాత 3.67 రెట్లకి దిగింది. తగ్గిన భాగమంతా చిగుళ్ళది కాదు, వయసుదీ చక్కెరదీను.

సర్దుబాటు ఎందుకు అంత ముఖ్యమో ఒక ఊహాలెక్కలో చూడొచ్చు. ఒక ఊళ్ళో చక్కెర జబ్బున్నవాళ్ళు 200 మంది, లేనివాళ్ళు 200 మంది అనుకుందాం. చక్కెర ఉన్నవాళ్ళలో 120 మందికి, లేనివాళ్ళలో 40 మందికి చిగుళ్ళ జబ్బు ఉంది. చిగుళ్ళతో ఏ సంబంధమూ లేకుండా, చక్కెర ఉన్నవాళ్ళలో నూటికి 20 మందికి, లేనివాళ్ళలో నూటికి 5 గురికి కరోనా విషమిస్తుందనుకుందాం. అప్పుడు చిగుళ్ళ జబ్బున్న 160 మందిలో 24 మందీ 2 కలిపి 26 మందికి విషమిస్తుంది, నూటికి 16. చిగుళ్ళు బాగున్న 240 మందిలో 16 మందీ 8 మందీ కలిపి 24, నూటికి 10. ఈ ఊళ్ళో చిగుళ్ళ పాత్ర సున్నా. అయినా పైపైన చూస్తే చిగుళ్ళే కారణంలా కనబడుతుంది. చక్కెర అదుపు తప్పితే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళ వాపు చక్కెరను ఇంకా పెంచుతుంది. ఈ రెండు జబ్బుల ముడి విప్పడం అంత కష్టం.

ఆ పరిశోధనలోనే మరణాల అంకె 8.81 రెట్లు. వినడానికి భయంకరంగా ఉంది. కాని దాని పక్కనే ఉన్న హద్దులు, అంటే అసలు అంకె ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో చెప్పేవి, 1.00 నుంచి 77.7 దాకా. చనిపోయినవాళ్ళు చాలా తక్కువమంది కాబట్టి అంకె అంతగా ఊగుతోంది. తేడా ఏమీ లేకపోవచ్చు, చాలా ఎక్కువా ఉండొచ్చు అని దాని అర్థం. హద్దులు వదిలేసి 8.81 ఒక్కటే చెప్పడం తప్పుదోవ పట్టించడమే.

సంబంధం నిజమేననేవాళ్ళ వాదనలో బలం ఉంది. సర్దుబాటు చేశాక కూడా మూడు రెట్లకు పైగా మిగిలింది. చిగుళ్ళ జబ్బున్న రోగుల్లో సీఆర్పీ, డీ-డైమర్ ఎక్కువగా ఉన్నాయి. చిగుళ్ళకి వైద్యం చేస్తే సీఆర్పీ తగ్గుతుందని వేరే ప్రయోగాలు చూపాయి. కాదనేవాళ్ళ వాదనా తీసిపారేసేది కాదు. ఆదాయం, తిండి, ఇరుకిళ్ళు, వైద్యం అందుబాటు లాంటివి చిగుళ్ళనీ పాడుచేస్తాయి, కరోనానీ ముదిరిస్తాయి. వాటన్నిటినీ ఏ పట్టికా పూర్తిగా కొలవలేదు. నా అంచనాలో ఇక్కడ చెప్పగలిగిన మాట ఒక్కటే: చిగుళ్ళ జబ్బు ప్రమాదానికి గుర్తు అన్నది గట్టిగా నిలబడుతుంది, ప్రమాదానికి కారణం అన్నది ఇంకా నిలబడలేదు.

బాక్టీరియానే అసలు దోషి అయితే యాంటీబయాటిక్స్ ఎందుకు పనిచేయలేదు

1918 ఫ్లూలో చనిపోయినవాళ్ళలో ఎక్కువమందిని చివరికి తీసుకెళ్ళింది గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి దిగిన బాక్టీరియా న్యుమోనియా. కరోనాలోనూ అదే జరుగుతుందని 2020లో చాలామంది అనుకున్నారు. అప్పటి పరిశోధనలను కూర్చి చూస్తే, ఆసుపత్రిలో చేరేటప్పటికే బాక్టీరియా సోకి ఉన్నవాళ్ళు నూటికి 3.5 మందే. యాంటీబయాటిక్స్ తీసుకున్నవాళ్ళు మాత్రం నూటికి 70 మందికి పైనే. ఇళ్ళ దగ్గర ఉన్న రోగులకి అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ ఇచ్చి చూసిన బ్రిటన్ ప్రయోగంలో 2021లో తేలింది ఏమంటే, వాటివల్ల మెరుగు లేదని. మరోపక్క వాపును అణిచే డెక్సామెథసోన్ రోజుకి 6 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు మూడో వంతు తగ్గాయి. తీవ్రమైన కరోనాలో నష్టం చేసింది ఎక్కువగా మన రక్షణ వ్యవస్థ శ్రుతిమించడమే.

దీంతో నోటి బాక్టీరియా వాదన కొట్టుకుపోయినట్టా? పూర్తిగా కాదు. పాచి పొరలోకి యాంటీబయాటిక్స్ సరిగా దిగవు, కాబట్టి మాత్రలు పనిచేయకపోవడం పాచికి పాత్ర లేదనడానికి సరైన పరీక్ష కాదు. నిద్రలో దాదాపు సగం మంది ఆరోగ్యవంతులకి కూడా కాస్త ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అలా నోటి జాతులు ఎక్కువగా చేరిన ఊపిరితిత్తుల్లో టీహెచ్-17 అనే తెల్లకణాలు రేపే రకం వాపు ఎక్కువగా ఉంటుందని 2016లో కనుక్కున్నారు. అంటే న్యుమోనియా తేకుండానే నోటి బాక్టీరియా ఊపిరితిత్తుల రక్షణ స్థాయిని ఎక్కించి ఉంచగలదు. అలాంటి ఊపిరితిత్తుల్లో కరోనా పడితే ఏమవుతుందన్నది సహేతుకమైన ప్రశ్న.

మూడో మాట, మంచి బాక్టీరియా ఉంటే యాంటీబాడీలు బాగా వస్తాయన్నది, మూడింటిలోకీ బలహీనం. ఫలానా జాతి ఎక్కువ ఉన్నవాళ్ళలో ఫలానా యాంటీబాడీ ఎక్కువ ఉందని కొన్ని చిన్న పరిశోధనలు చెబుతున్నాయి. కొద్దిమందిలో వందల జాతులను ఒకేసారి యాంటీబాడీలతో పోలిస్తే, కొన్ని జతలు కేవలం యాదృచ్ఛికంగానే కలుస్తాయి. కరోనా కోసమని నోటి ప్రోబయాటిక్ మాత్రలు కొనడానికి ఈ రుజువు చాలదు.

పుక్కిలింత ఎంతవరకు

పోవిడోన్ అయోడిన్ ద్రావణం ప్రయోగశాలలో అర నిమిషంలో వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది. నోట్లో పుక్కిలిస్తే ఉమ్మిలో వైరస్ కాసేపు తగ్గుతుంది, తర్వాత మళ్ళీ పెరుగుతుంది. కారణం తేలికే. వైరస్ పుట్టేది కణాల లోపల, పుక్కిలింత కడిగేది పైపొరను. 2021 మేలో నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన పరీక్ష పద్ధతిలో రోగి సెలైన్‌ను 15 సెకన్లు గొంతులో ఆడించి ట్యూబులోకి ఉమ్మేవాడు, ఆ నీళ్ళతోనే ఆర్టీపీసీఆర్ చేసేవారు. ఉప్పునీళ్ళు గొంతులోని వైరస్‌ను కడిగి బయటికి తెస్తాయనడానికి అదే ఉదాహరణ. గొంతు నొప్పికి హాయినిస్తాయి, జబ్బును ఆపవు.

రుజువు గట్టిగా ఉన్న చోటు: వెంటిలేటర్ మీద రోగి నోరు

తిరుపతిలో రాష్ట్ర కోవిడ్ ఆసుపత్రిగా మార్చిన శ్రీ పద్మావతి ఆసుపత్రిలోనైనా, రుయా ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, మరెక్కడైనా, గొంతులో గొట్టం వేసిన రోగి మింగలేడు, దగ్గలేడు. ఉమ్మి గొట్టం చుట్టూ ఉన్న గాలిబుడగ పైన నిలవ ఉంటుంది. ఆ బుడగ ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానంగా ఉండాలి. తగ్గితే ఉమ్మి పక్కల నుంచి కిందికి జారుతుంది, పెరిగితే శ్వాసనాళం గోడకి పుండు పడుతుంది. ఐసీయూలో చేరిన కొద్ది రోజుల్లోనే నోట్లో మామూలు జాతులు తగ్గి క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి మొండి రకాలు చేరతాయి. గొట్టం వేసిన 48 గంటల తర్వాత వచ్చే న్యుమోనియాకి ఇదే ముఖ్యమైన దారి. కరోనా రోగుల్ని గంటల తరబడి బోర్లా పడుకోబెట్టినప్పుడు నోటికి చేయి అందడమే కష్టమయ్యేది.

ఇక్కడ అనుమానాలకి పెద్దగా చోటు లేదు. రోగుల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి చేసిన 15 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ 2023 చివర్లో వచ్చింది. బ్రష్‌తో పళ్ళు తోమిన గుంపులో ఆసుపత్రి న్యుమోనియా సుమారు మూడో వంతు తగ్గింది, ఐసీయూ మరణాలు కూడా తగ్గాయి. లాభం ఎక్కువగా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలోనే. అదివరకు వెంటిలేటర్ రోగులకి క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం పూయడం ఆనవాయితీ. కొన్ని విశ్లేషణల్లో దానివల్ల మరణాలు పెరిగి ఉండొచ్చన్న సూచన కనబడటంతో, 2022 నాటి అమెరికా మార్గదర్శకాలు దాన్ని పక్కనపెట్టి బ్రష్‌తో తోమడాన్ని ముఖ్యమైన పద్ధతుల్లో చేర్చాయి.

ఆ పని ఇలా నడుస్తుంది. వెన్నెముకకి గాయం లేని రోగికి తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తుతారు. బుడగ ఒత్తిడి చూసుకుని, నోట్లో నిలిచిన ఉమ్మిని సక్షన్‌తో లాగేస్తారు. చిన్నపిల్లల సైజు మెత్తటి బ్రష్‌ను తడిపి పళ్ళ బయటివైపు, లోపలివైపు, చిగుళ్ళ అంచు, నాలుక తోముతారు, అదే సమయంలో రెండో చేత్తో సక్షన్ నడుస్తూనే ఉంటుంది. పేస్టు ఎక్కువైతే నురగ కిందికి దిగుతుంది. ముందు సక్షన్ చేయకుండా బ్రష్ పెడితే మురికిని లోపలికి తోసినట్టవుతుంది. కరోనా రోగులకి గడ్డలు కట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి చిగుళ్ళ నుంచి రక్తం త్వరగా వస్తుంది, అందుకే బ్రష్ మెత్తగా ఉండాలి. కట్టుడు పళ్ళు తీసి విడిగా ఉంచుతారు. గొట్టాన్ని పెదవికి ఒకే పక్క రోజుల తరబడి కట్టి ఉంచితే అక్కడ పుండు పడుతుంది, కాబట్టి పక్క మారుస్తారు. రోజుకి కనీసం రెండుసార్లు ఇదంతా జరగాలి. ఒక్కో రోగికి కొద్ది నిమిషాలు, ఒక నర్సు రెండు చేతులూ కావాలి. ఒక్క నర్సు పది మందిని చూడాల్సి వచ్చిన రోజుల్లో అన్నిటికంటే ముందు వెనకబడిపోయిన పని ఇదే.